జలకన్యల కథలు

తెలంగాణమున చెఱువు లేని గ్రామము అరుదు. చెఱువు కలిగిన అనేక గ్రామములలో దాని గట్టుమీద కట్టమైసమ్మ వెలసియుండును. ఆ తల్లి గట్టు తెగకుండ, నీరు ఇంకకుండ, ఊరు చెడకుండ కాచుచుండునని జనుల నమ్మకము. జగిత్యాల జిల్లాయందలి గొల్లపల్లికి ఉత్తరముగా, ధర్మపురి యొద్ద గోదావరీనది ప్రవహించుచున్నది. ఆ ప్రాంతపు పల్లెప్రజలు ఆ నదిని గోదావరి యనుటకంటె గంగ యనుటయే యెక్కువ. సద్దుల బతుకమ్మ నాటి సాయంకాలము స్త్రీలు పూల బతుకమ్మలను నీటియందు విడుచునపుడు, ఆడుబిడ్డను అత్తవారింటికి పంపునట్లే కన్నులు చెమర్ప సాగనంపుదురు.

నీటిని ఇట్లు స్త్రీరూపమున భావించుట మన దేశమునందు మాత్రమే గల యాచారము కాదు. మూడు వైపుల సముద్రము గలిగి, పెద్ద నదులతో నిండిన ఐరోపాఖండమున జనులు వేలకొలది సంవత్సరములనుండి నీటియందు నివసించు స్త్రీలనుగూర్చి కథలు చెప్పుకొనుచున్నారు. వారినే మనము జలకన్యలనియు, సాగరకన్యలనియు, మత్స్యకన్యలనియు వ్యవహరింతుము. ఐరోపా చిత్రకారులు వ్రాసిన జలకన్యకు నడుమువఱకు స్త్రీశరీరము, అటుపైన పొలుసులతో మెఱయు చేపతోక. ఒక చేత అద్దము, మఱియొక చేత దువ్వెన. సముద్రమధ్యమున శిలపై కూర్చుండి, కురులు దువ్వుకొనుచు పాడుచుండును. ఆమె కంటబడిన యెడల తుపాను తప్పదని నావికులు వెఱచుచుండిరి.

ఈ కథలలో మిక్కిలి ప్రాచీనమైన దానిని గ్రీకుకవి హోమరు తన 'ఒడిస్సీ' కావ్యమునందు చెప్పెను. ట్రాయి యుద్ధము ముగిసిన పిమ్మట ఒడిస్సియస్ అను వీరుడు ఓడనెక్కి స్వదేశమునకు మరలుచుండెను. దారిలో సైరెనులు అను గాయనులుండు దీవి యొకటి కలదు. వారి పాట చెవినిబడిన నావికుడు ఇల్లు మఱచును, ఆలుబిడ్డలను మఱచును, ఆ తీరముననే ప్రాణములు విడుచును. ఒడిస్సియస్ తన యనుచరుల చెవులను మైనముతో మూసెను. తనకు మాత్రము ఆ పాట వినవలెనను కోరిక యుండుటచే తన్ను ఓడస్తంభమునకు గట్టిగా కట్టుడని యాజ్ఞాపించెను. పాట వినబడినంతనే అతడు కట్లు విప్పుడని సైగ చేసెను. అనుచరులు మఱింత బిగించి, ఓడను దాటించిరి. ఆ గాయనులు అతనికి ఆశ చూపినది ధనము కాదు. లోకమున జరుగునదంతయు మాకు తెలియును, విని జ్ఞానివై పొమ్మని వారు పిలిచిరి.

సైరెనుల రూపమెట్టిదో హోమరు చెప్పలేదు. ప్రాచీన గ్రీకులు మట్టిపాత్రలమీద వారిని స్త్రీముఖము గల పక్షులుగా చిత్రించిరి. తరువాతి శతాబ్దములలో పక్షిఱెక్కలు పోయి చేపతోక వచ్చెను. మధ్యయుగమున క్రైస్తవ దేవాలయముల రాతిస్తంభములమీదను, కొయ్యబల్లలమీదను మత్స్యకన్య బొమ్మలను చెక్కుచుండిరి. మనుష్యుని చెడుదారి పట్టించు ప్రలోభమునకు ఆమెను గుర్తుగా చూపిరి. ఇట్లు ఆమె మగవానికి ప్రమాదము తెచ్చునది యను పేరు స్థిరపడెను. సముద్రము మీద పోయి తిరిగి రానివారు ప్రతి రేవుపట్టణమునను ఉండిరి. వారు ఏల రాలేదను ప్రశ్నకు ఇంటివారికి ఏదో యొక సమాధానము కావలసెను. ఆ నింద జలకన్యమీద పడెను.

అయినను కథలను శ్రద్ధగా చదివినవారికి మఱియొక సంగతి గోచరించును. ప్రమాదము ఎవరివలన ఎవరికి కలిగెనో కొన్ని ప్రసిద్ధమైన కథలనుండి తెలిసికొందము.

ఫ్రాన్సుదేశపు పశ్చిమభాగమున లుసిన్యాన్ అను కోట యుండెను. దానిని కట్టించినది మెలూసీన్ అను వనితయని అచ్చటి ప్రజలు చెప్పుకొనిరి. ఆ కథను జాన్ దరాస్ అను రచయిత 1393వ సంవత్సరమున ఫ్రెంచిభాషలో గ్రంథముగా పూర్తి చేసెను. రేమండిన్ అను యువకుడు వేటలో పొరపాటున తన మేనమామను చంపి, దిక్కుతోచక అడవిలో తిరుగుచు, ఒక ఊట యొద్ద ఆమెను చూచెను. ఆమె అతనిని ఓదార్చి పెండ్లాడుటకు సమ్మతించెను. కాని యొక నియమము విధించెను: "శనివారమునాడు నేను ఏకాంతముగా నుందును. ఆనాడు నీవు నన్ను చూడరాదు." అతడు ప్రమాణము చేసెను. ఆమె కోటలు కట్టించెను, పట్టణములు నిలిపెను, పదుగురు కుమారులను కనెను. అతని వంశము వృద్ధినొందెను.

ఒకనాడు అతని సోదరుడు వచ్చి, నీ భార్య శనివారములందు ఏమి చేయునో తెలిసికొమ్మని అనుమానము రేపెను. రేమండిన్ కత్తిమొనతో తలుపునకు రంధ్రము చేసి చూచెను. మెలూసీన్ స్నానము చేయుచుండెను. ఆమెకు నడుముక్రింద పెద్ద సర్పపు తోక యుండెను. అతడు పశ్చాత్తాపపడి ఆ విషయమును ఎవరికిని చెప్పక దాచెను. ఆమెయు క్షమించి యూరకుండెను. కాని కొంతకాలమునకు కుమారులలో నొకడు ఘోరమైన పని చేయగా, రేమండిన్ కోపముతో నలుగురియెదుట ఆమెను "సర్పమా!" అని నిందించెను. ఆ మాటతో అంతయు ముగిసెను. ఆమె విలపించుచు సర్పరూపమున ఆకాశమున కెగిరిపోయెను. అయినను రాత్రులందు ఎవరికిని కనబడక వచ్చి, పాలు తాగు తన పసిబిడ్డలకు స్తన్యమిచ్చి పోవుచుండెనట! మాట తప్పినవాడు భర్త. బిడ్డలను విడువలేక తిరిగి వచ్చినది ఆమె.

స్కాట్లండునకు ఉత్తరమున ఆర్క్నీ, షెట్లాండు అను దీవుల సమూహములు కలవు. అచ్చటి సముద్రమున సీలు అను జంతువులు విస్తారముగా నుండును. అవి తీరమునకు వచ్చి చర్మమును విడిచి స్త్రీపురుషులుగా మాఱి నాట్యమాడునని ఆ దీవుల వారి కథలు. ఒక యువకుడు పొంచియుండి ఒక కన్య యొక్క చర్మమును దొంగిలించెను. చర్మము లేక ఆమె సముద్రమునకు పోలేదు. దానిని ఇమ్మని ఎంత వేడినను అతడు ఇయ్యక, ఆమెను ఇంటికి తీసికొనిపోయి పెండ్లాడెను. ఆమె ఇంటిపని చేసెను, బిడ్డలను పెంచెను. కాని సముద్రమువైపు చూచునపుడెల్ల నిట్టూర్చుచుండెను. ఏండ్లు గడచిన పిమ్మట ఆమె బిడ్డయే ఇంటిలో దాచియున్న ఆ చర్మమును కనిపెట్టి, అమాయకముగా తల్లికి చూపెను. ఆమె బిడ్డను ముద్దిడి, చర్మము ధరించి, తిరిగి చూడక కడలిలో కలిసిపోయెను. ఈ కథ విన్నవారికి ఆమెమీద కోపము రాదు. బలవంతముగా నిలుపబడినది ఎన్నటికిని తనది కానేరదని తెలియును.

జర్మనీదేశమున ఫూకే అను రచయిత 1811వ సంవత్సరమున 'ఉండీన్' అను కథను ప్రకటించెను. జలకన్యలకు ఆత్మ లేదనియు, మానవుని వివాహమాడినచో ఆత్మ లభించుననియు అంతకు పూర్వము పదునాఱవ శతాబ్దమున పారాసెల్సస్ అను వైద్యుడు వ్రాసియుండెను. ఫూకే ఆ భావమును గైకొనెను. ఉండీన్ ఒక వీరుని పెండ్లాడి ఆత్మను పొందెను. ఆత్మతోపాటు దుఃఖమును పొందెను. నీటిమీద నుండగా నన్ను దూషింపకుమని ఆమె భర్తను ప్రార్థించెను. అతడు డాన్యూబునదిలో పడవమీద ఆమెను దూషించి, ఆమెను పోగొట్టుకొనెను. మఱియొకతెను పెండ్లాడిన నాటి రాత్రి ఉండీన్ బావిలోనుండి వెడలివచ్చి కన్నీటితో అతనిని ముద్దిడెను. ఆ ముద్దుతోనే అతని ప్రాణములు పోయెను.

ఈ కథలన్నిటిలో లోకమున మిక్కిలి పేరు పొందినది డెన్మార్కు రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837వ సంవత్సరమున ప్రకటించిన 'చిన్న జలకన్య'. ఆండర్సన్ 1805వ సంవత్సరమున ఓడెన్స్ పట్టణమున పుట్టెను. తండ్రి చెప్పులు కుట్టువాడు. తల్లి బట్టలుతికి జీవించినది. బీదతనమును, పరులయిండ్ల వాకిట నిలిచి లోపలి వెలుగును చూచుటయు ఎట్లుండునో ఆయనకు బాగుగ తెలియును.

సముద్రరాజు కుమార్తెలు ఆఱుగురు. వారిలో చిన్నది పదునైదవ యేట నీటిపైకి వచ్చి, ఓడమీద నొక రాకుమారుని చూచెను. నాటి రాత్రి తుపానులో ఓడ పగిలిపోయెను. ఆమె అతనిని అలలమీద పట్టుకొని తీరమునకు చేర్చెను. అతడు కన్నులు తెఱచునప్పటికి ఎదుట వేఱొక కన్య యుండెను. ఆమెయే తన్ను రక్షించెనని అతడు తలచెను. జలకన్యలు మూడువందల యేండ్లు జీవించి, పిదప నురుగుగా మాఱుదురు. నశింపని ఆత్మ వారికి లేదు. ఆత్మను, రాకుమారుని ప్రేమను గోరి చిన్న జలకన్య సముద్రపు మంత్రగత్తె యొద్దకు పోయెను. మంత్రగత్తె ఆమెకు తోకకు బదులు కాళ్లు ఇచ్చుట కొప్పుకొనెను. ప్రతిఫలముగా ఆమె నాలుకను కోసికొనెను. అడుగు పెట్టినపుడెల్ల కత్తులమీద నడచినంత బాధ కలుగునని చెప్పెను. ఆమె అన్నిటికిని సమ్మతించెను.

ఆమె రాజమందిరమున నాట్యమాడెను. అందఱును మెచ్చిరి. పాదముల బాధ ఎవరికిని తెలియదు. 'నిన్ను రక్షించినది నేను' అని చెప్పుటకు ఆమెకు నోరు లేదు. రాకుమారుడు ఆమెను ప్రియమైన బిడ్డవలె చూచెనేగాని, తనను రక్షించెనని తలచిన కన్యనే పెండ్లాడెను. పెండ్లినాటి రాత్రి అక్కలు నీటిపైకి వచ్చిరి. వారి తలలమీద కురులు లేవు. కురులను మంత్రగత్తెకిచ్చి ఒక కత్తిని తెచ్చిరి. తెల్లవారులోగా ఆ కత్తితో రాకుమారుని చంపినచో చెల్లెలు మరల జలకన్య యగును. ఆమె కత్తి తీసికొని పోయి, నిదురించుచున్న దంపతులను చూచెను. కత్తిని అలలలోనికి విసరివేసి, తానును సముద్రమున దుమికెను. ఆమె నురుగైపోలేదు, వాయుకన్యలలో నొకతె యయ్యెను. సత్కార్యములు చేసి ఆత్మను సంపాదించుకొను అవకాశము లభించెను.

హోమరునుండి ఆండర్సన్ వఱకు కథ ఎంతదూరము నడచెనో గమనింపుడు. సైరెనులు పాడి మనుష్యులను చంపిరి. చిన్న జలకన్య పాటనే పోగొట్టుకొని, చంపగల యవకాశము చేతికి వచ్చినను చంపక, తానే మరణమునకు సిద్ధపడెను. 1913వ సంవత్సరమున కోపెన్‌హాగెన్ రేవునందు ఒక రాతిమీద ఆమె కంచువిగ్రహమును నిలిపిరి. శిల్పి ఎడ్వర్డు ఎరిక్సెన్. 1964వ సంవత్సరమున దుండగులు ఆ విగ్రహము తలను ఱంపముతో కోసికొనిపోగా, క్రొత్త తలను చేయించి అమర్చవలసివచ్చెను. విగ్రహమైనను మనుష్యులచేత బాధ తప్పలేదు.

తెలుగు విద్యార్థులకు ఈ కథలు పూర్తిగా క్రొత్తవిగా తోచవు. నన్నయ తెనిగించిన ఆదిపర్వమునందు శంతనుని కథ కలదు. శంతనుమహారాజు గంగాతీరమున దివ్యాంగనను చూచి వివాహము కోరెను. ఆమె గంగ. తాను చేయు పనికి అడ్డు చెప్పరాదనియు, అప్రియము పలుకరాదనియు ఆమె నియమము విధించెను. పుట్టిన బిడ్డను పుట్టినట్లు ఏడుగురను ఆమె నీట విడిచెను. శంతనుడు దుఃఖము దిగమ్రింగెను. ఎనిమిదవ బిడ్డ పుట్టినపుడు అతడు తాళలేక అడ్డుపడెను. మాట తప్పుటచే గంగ అతనిని విడిచిపోయెను. శాపగ్రస్తులైన వసువులను విముక్తులను చేయుటకే ఆమె అట్లు చేసెను. మెలూసీన్ భర్త అనుమానముచేతను, కోపముచేతను నియమము నతిక్రమించెను. శంతనుడు బిడ్డమీది ప్రేమచేత అతిక్రమించెను. ఈ భేదమును మఱువరాదు. గంగయు ఆ బిడ్డను పెంచి, విద్యలు నేర్పించి, తండ్రికి తెచ్చి అప్పగించెను. అతడే దేవవ్రతుడు.

ఆదిపర్వముననే మత్స్యగర్భమున పుట్టిన కన్యయు కలదు. అద్రిక యను అప్సరస శాపవశమున యమునలో చేపయై యుండెను. జాలరులు ఆ చేపను పట్టి కోయగా ఒక బాలుడును, ఒక బాలికయు దొరకిరి. అద్రికకు శాపవిముక్తి కలిగెను. బాలికను దాశరాజు పెంచెను. చేపవాసన కలదగుటచే ఆమెను మత్స్యగంధి యనిరి. ఆమెయే సత్యవతి, వ్యాసుని తల్లి. తరువాత శంతనుడు ఆమెను పెండ్లాడగోరెను. ఆమె కొడుకునకే రాజ్యము దక్కవలెనని దాశరాజు పట్టుపట్టెను. శంతనుడు ఆ మాట ఇయ్యలేక క్రుంగిపోగా, దేవవ్రతుడు తానై పోయి, రాజ్యము విడుతుననియు, ఆజన్మము బ్రహ్మచారిగా నుందుననియు ప్రతిజ్ఞ చేసి భీష్ముడయ్యెను. నదీదేవతకు ఇచ్చిన మాటను తండ్రి నిలుపుకొనలేకపోయెను. ఆ నదీదేవత కుమారుడు చేపకడుపున పుట్టిన కన్య కొఱకు ఇచ్చిన మాటను తుదిశ్వాస వఱకు నిలుపుకొనెను. తండ్రి తప్పిన చోటనే కొడుకు నిలిచెను. ఐరోపా జలకన్యల కథలలో ఎక్కడను కానరాని ముగింపు ఇది.

మఱి మనుష్యుని నీటిలోనికి లాగు కన్య మనకు లేదా? కలదు. ఆమె నాగకన్య ఉలూపి. తీర్థయాత్రలు చేయుచు గంగలో స్నానమాడుచున్న అర్జునుని ఆమె నాగలోకమునకు తీసికొనిపోయి వరించెను. తంజావూరి రఘునాథనాయకుని యాస్థానకవి చేమకూర వేంకటకవి ఈ వృత్తాంతమును 'విజయవిలాసము'న మనోహరముగా వర్ణించెను. సైరెనుల చేజిక్కినవాడు మరల బ్రదుకడు. ఉలూపి చేజిక్కిన అర్జునుడు క్షేమముగా తిరిగి వచ్చెను. అంతేకాదు; అశ్వమేధ సమయమున బభ్రువాహనుని బాణమునకు అర్జునుడు కూలినపుడు నాగమణితో అతనిని బ్రదికించినది ఆ ఉలూపియే.

కథలు కాలముతోపాటు మాఱుచుండును. 1989వ సంవత్సరమున అమెరికాలో డిస్నీ సంస్థ ఆండర్సన్ కథను చలనచిత్రముగా తీసి, జలకన్యకు రాకుమారునితో పెండ్లి జరిపించెను. 1996వ సంవత్సరమున తెలుగుప్రేక్షకులు 'సాహసవీరుడు సాగరకన్య' అను చిత్రమును చూచిరి. ప్రేక్షకులకు సుఖాంతమే ఇష్టము. కాని దుఃఖాంతమైన పాతకథ చెప్పిన నిజము సుఖాంతమున కొంత మఱుగుపడును.

ఇంతకును జలకన్యలను ఎవరైన కన్నులార చూచిరా? క్రిస్టఫర్ కొలంబసు అట్లాంటిక్ మహాసముద్రమును దాటిన తొలియాత్రలో మూడు జలకన్యలు నీటిపై కెగయుటను చూచెనని 1493 జనవరి 9వ తేదీ నాటి దినచర్యలో నున్నది. చిత్రములలో చూపునంత అందముగా లేవనియు అందులో వ్రాయబడెను. ఆయన చూచినవి మనాటీలను జలచరములని పండితుల యభిప్రాయము. అవి చేపలు కావు. గాలి పీల్చుకొని, బిడ్డలకు పాలిచ్చు సాధుజంతువులు. నీటిమొక్కలు వాటికి ఆహారము. శాస్త్రజ్ఞులు ఆ జాతికి సైరెనుల పేరుమీదనే 'సైరీనియా' యని పేరు పెట్టిరి.

ఆ జాతిలో మిక్కిలి పెద్దదానిని 1741వ సంవత్సరమున స్టెల్లరు అను ప్రకృతిశాస్త్రవేత్త ఉత్తర పసిఫిక్ సముద్రమందలి బేరింగు దీవియొద్ద చూచి వర్ణించెను. దాని పొడవు ఎనిమిది మీటర్లవఱకు ఉండెడిది. అది ఎవరికిని కీడు చేయదు. ఆడుదానిని చంపి ఒడ్డునకు చేర్చగా, దాని జతయైన మగది వరుసగా రెండు దినములు ఆ తీరమునకు వచ్చి చూచెనని ఆయన వ్రాసెను. మాంసమునకై వేటగాండ్రు ఆ జాతిని వెంటాడిరి. 1768 నాటికి, అనగా శాస్త్రజ్ఞుడు చూచిన ఇరువదియేడు సంవత్సరములకే, అది భూమిమీద లేకుండ పోయెను. ఆ జాతికే చెందిన డుగాంగు అను సముద్రపు ఆవు మన దేశమున అండమాన్ దీవులయొద్దను, కచ్ సింధుశాఖలోను, తమిళనాటి తీరమునను కొద్ది సంఖ్యలో మిగిలియున్నది. దానిని కాపాడుటకై తమిళనాడు ప్రభుత్వము 2022వ సంవత్సరమున పాక్ అఖాతమునందు 448 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును రక్షితప్రాంతముగా ప్రకటించెను.

జలకన్య మనుష్యునికి అపాయకారియని కథలు చెప్పెను. చరిత్ర చూడగా, మనుష్యుడే ఆమెకు అపాయకారి యయ్యెను. తన లోకమును విడిచి, పరాయి యింటిని నమ్మి వచ్చినవారిని మనము ఎట్లు చూచితిమను ప్రశ్నయే ఈ కథలన్నిటియందును దాగియున్నది. మెట్టినింట అడుగుపెట్టిన కోడలు, పొట్టకూటికై పరదేశము పోయిన కూలివాడు, క్రొత్త బడిలో చేరి మాటలాడ జంకు బాలుడు – వీరందఱును నేలమీదికి వచ్చిన జలకన్యలవంటివారే. వారి పాదముల బాధ పైకి కనబడదు. దానిని కనుగొనగల కన్ను, ఇచ్చిన మాటను నిలుపుకొనగల మనస్సు ఉన్నచోట, నీటినుండి వచ్చినవారు నీటికి తిరిగిపోవలసిన పని యుండదు.

ప్రశ్నలు

1. సైరెనుల పాటనుండి ఒడిస్సియస్ తన్నును, తన యనుచరులను ఎట్లు కాపాడుకొనెను?
2. రేమండిన్, శంతనుడు – వీరిరువురు మాట తప్పిన విధములను పోల్చి, భేదమును తెలుపుము.
3. చిన్న జలకన్య కత్తిని విసరివేయుటవలన ఆమె స్వభావమునుగూర్చి మనకేమి తెలియుచున్నది?
4. "తండ్రి తప్పిన చోటనే కొడుకు నిలిచెను" – సందర్భమును వివరింపుము.
5. స్టెల్లరు చూచిన సముద్రజంతువునకు ఏమి గతి పట్టెను? దానినుండి మనము నేర్చుకొనదగినదేమి?
6. మీ గ్రామమున చెఱువును గాని, నదిని గాని గూర్చి పెద్దలు చెప్పు కథ నొకదానిని విని, మీ సొంతమాటలలో వ్రాయుడు.